గుడిసె కొండకు జీపు ప్రయాణం

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కొన్నవారికి తారురోడ్డు చప్పగా కనిపిస్తుంది. అదొక జబ్బులెండి. వైద్యం కావాలంటే మారేడుమిల్లి వెళ్ళండి. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా అక్కడి దాకా మామూలు కారైనా చాలు. బొంగులో చికెన్ తినేవారు తిని, తిననివారు వాసన చూసి, పుల్లంగి మీదుగా గుడిసె కొండకు బయలుదేరవచ్చు. ముందుగా అటవీశాఖ వారిని అడగాలి సుమండీ. వానాకాలం మాత్రం వద్దు.

మొన్న చలికాలంలో మా బావమరిదిని వెంటబెట్టుకు వెళ్ళాను. స్టీరింగు వాడిదే, నోరు నాది. ఎర్రమట్టి, రాళ్ళు మొదలుకాగానే లో-రేంజి గేరు వేయించాను. బండి నత్తలా పాకుతుంది, కాని లాగుడు గట్టిగా ఉంటుంది. బొటనవేళ్ళు స్టీరింగు లోపల పెట్టకూడదు. చక్రం రాయికి తగిలి స్టీరింగు గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. ఎక్కుతూ ఇంజను ఆగితే బండి అడ్డం తిప్పకూడదు, దొర్లిపోతుంది. రివర్సు గేరులో తిన్నగా వెనక్కి దిగాలి. కిందికి వచ్చేటప్పుడు బ్రేకునే నమ్ముకుంటే అది వేడెక్కి పట్టు వదులుతుంది. ఎక్కిన గేరులోనే దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

సగం దారిలో ఎదురుగా ఒక పాత జీపు దిగివస్తోంది. లోపల, పైన, వెనక అంతా మనుషులే. మధ్యలో దుప్పటి కప్పుకున్న ముసలాయన మూలుగుతున్నాడు.

"ఎక్కేవాడికే దారి కదా బావా?" అన్నాడు మావాడు.

"పుస్తకంలో అంతే. నువ్వు వెనక్కి పోనీ" అన్నాను.

ముప్పై గజాలు వెనక్కి నడిపాడు, చెమటలు కక్కుతూ. ఆ డ్రైవరు ఒంటిచేత్తో మమ్మల్ని దాటించి వెళ్ళిపోయాడు. ఈ మన్యంలో ఇప్పటికీ దారిలేని ఊళ్ళున్నాయి. అక్కడి నుంచి రోగిని డోలీలో మోసుకురావలసిందే. మనకు సరదాగా ఉన్న ఈ గతుకులదారి కొండరెడ్ల కుటుంబాలకు ఆసుపత్రిదారి. అందుకే, ఫొటోల కోసం బండిని దారికడ్డంగా ఆపేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పైన కనుచూపు మేరా పచ్చిక. మంచు కిందనే ఉండిపోతుంది. ఆ పచ్చిక మీదికి మాత్రం బండి ఎక్కించకండి. చక్రం గాడి పడిన చోటే వాననీరు పారి మట్టిని కోసుకుపోతుంది. దారి పక్కన ఆపి, పిల్లల్ని దింపి, నడవండి. ఫ్లాస్కులో కాఫీ ఉంటే ఇంకా మంచిది.