వాళ్ల పేరు జిప్సీ కాదు

మా డెస్క్‌లో ఒక తమ్ముడు 'యూరప్‌లో రోమాలు' అని హెడ్డింగ్ పెట్టాడు. రోమాలంటే వెంట్రుకలు కదా అని అందరూ నవ్వారు. వెంటనే 'జిప్సీలు' అని దిద్దాడు. నాకు నవ్వు రాలేదు.

జిప్సీ అంటే ఈజిప్షియన్. ఈజిప్టు నుంచి వచ్చారనుకుని పరాయివాళ్లు తగిలించిన గలత్ పేరది. వాళ్ల సొంత లఫ్జ్ 'రొమ్'. మగవాడు, మొగుడు అని మతలబ్. ఆడమనిషి 'రొమ్ని'. బహువచనం 'రొమా'. అందులోనే బహువచనం ఉంది, మళ్లీ మన 'లు' ఎందుకు? రోమ్ నగరంతో, రుమేనియాతో దానికి ఏ రిష్తా లేదు. మన హిందుస్తాన్ 'డోమ్' నుంచే పుట్టిందని ఎక్కువమంది భాషావేత్తల మాట. 'రొమానీ' విశేషణం. భాషను వాళ్లు 'ఛిబ్' అంటారు, అంటే మన జీభ్. అది స్త్రీలింగం కాబట్టి 'రొమానీ ఛిబ్'. మనం 'హమారీ జబాన్' అన్నట్టే.

పేరుదేముంది భాయ్ అంటారా? జర్మన్లు వాళ్లను 'జిగాయ్‌నర్' అనేవారు. ఆష్‌విట్జ్‌లో నాజీలు ఆ పేరు మొదటి అక్షరం 'జడ్'ను, నంబరుతో కలిపి, వాళ్ల చేతులమీద పచ్చబొట్టు పొడిచారు. అందుకే 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ మహాసభలో పరాయి పేర్లు వద్దని, 'రొమ్' అనే పిలవాలని వాళ్లే తేల్చారు.

తుర్కీ ముఖం చూడని మనల్ని 'తురకోళ్లు' అంటే, మన ఉర్దూను 'తురకం' అంటే మనకు కాలదా? మరి వాళ్ల ఇజ్జత్ ఇజ్జత్ కాదా?

హెడ్డింగ్ నేనే మార్చాను: 'యూరప్‌లో రొమా ప్రజలు'. మీ పిల్లల నోట్‌బుక్కులో జిప్సీ అని కనిపిస్తే, మీరూ దిద్దించండి.