కోడిగుడ్డు వేపుడన్నం

చైనాలో యాంగ్జీ నదికి దాపున యాంగ్‌జౌ అనే పాత పట్టణం ఉన్నది. ఆ ఊరి పేరు చెప్పగానే చైనా వాళ్ళకు వేపుడన్నం గుర్తుకు వస్తుంది. పెద్ద హోటళ్ళ మాట ఎలా ఉన్నా, మామూలు ఇళ్ళలో ఇది విందు వంటకం కాదు. మిగిలిన అన్నాన్ని పారెయ్యకుండా గుడ్డు కొట్టి వేపుకుంటారు. వాళ్ళు దాన్ని "దాన్ ఛావ్ ఫాన్" అంటారు. దాన్ అంటే గుడ్డు, ఛావ్ అంటే వేపటం, ఫాన్ అంటే అన్నం. మన ఇళ్ళలో మిగిలిన అన్నానికి తాలింపు పెట్టటం లాంటిదే!

అప్పుడే దించిన వేడి అన్నంతో దీన్ని ఎందుకు చెయ్యరు? బియ్యంలోని పిండిపదార్థం ఉడికేటప్పుడు నీరు పీల్చి, ఉబ్బి, జిగురుగా తయారవుతుంది. అటువంటి అన్నాన్ని గరిటెతో కలియబెడితే ముద్ద అయిపోతుంది. అన్నం చల్లారినప్పుడు, పిండిపదార్థంలో గొలుసుల్లాగా ఉండే పొడుగాటి అణువులు మళ్ళీ పక్కపక్కన చేరి బిగుసుకుంటాయి. పైతడి కూడా ఆరుతుంది. మెతుకు బిరుసెక్కుతుంది. బిరుసు మెతుకు మూకుట్లో ఎంత తిప్పినా చితకదు.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. ఇది అమ్మానాన్నలు కూడా చదవాలి. 1971లోనూ, ఆ తరవాతా, బ్రిటన్‌లోని చైనా హోటళ్ళలో వేపుడన్నం తిన్న కొందరికి కొద్ది గంటలలోనే వాంతులు పట్టుకున్నాయి. పరీక్షిస్తే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బయటపడింది. దాని బీజాలు మట్టిలో ఉంటాయి, బియ్యంతో ఇంటికి వస్తాయి, అన్నం ఉడికినా చావవు. ఆ హోటళ్ళలో అన్నం రాశిగా వండి, రాత్రంతా వంటింట్లోనే ఉంచేవారు. రిఫ్రిజిరేటర్లో పెడితే మెతుకులు అంటుకుంటాయని వారి బాధ. రాశి నడుమ వేడి ఒక పట్టాన ఆరదు. ఆ గోరువెచ్చదనంలో బీజాలు మొలిచి, సూక్ష్మజీవులు పెరిగి, విషం తయారుచేస్తాయి. మర్నాడు ఎంత వేపినా ఆ విషం పోదు. వాసన చూసి కనిపెట్టటమూ సాధ్యం కాదు.

"మేము చద్దన్నం తినటం లేదా?" అని ఎవరైనా అడగవచ్చు. మజ్జిగలో పులిసిన అన్నంలోని పులుపు ఈ సూక్ష్మజీవికి గిట్టదు. వట్టి అన్నానికి ఆ రక్షణ లేదు.

కనక అన్నాన్ని కాస్త పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, విసనకర్రతో విసరండి. గంటలోపల మూతపెట్టి రిఫ్రిజిరేటర్లో ఉంచి, మర్నాటికి వాడెయ్యాలి. రిఫ్రిజిరేటరు లేకపోతే చల్లారగానే వేపుకోవచ్చు. అదీ బాగానే ఉంటుంది.

ఇద్దరికి రెండు కప్పుల అన్నం, రెండు గుడ్లు, రెండు చెంచాల నూనె, గుప్పెడు ఉల్లికాడల తరుగు చాలు. అన్నం ఉండలు చిదపటం, గుడ్లు గిలకొట్టటం మీ పని. పొయ్యి పని పెద్దవాళ్ళది. ఇనప మూకుడు బాగా కాలాక నూనె వేసి, గుడ్ల సొన పొయ్యాలి. అది సగం గట్టిపడగానే అన్నం వేసి, పెద్ద మంట మీద తిప్పుతూ ఉండాలి. పదిమందికీ ఒకేసారి చెయ్యబోతే మూకుడు చల్లబడిపోయి, అన్నం వేగటానికి బదులు తన తడిలో తానే ఉడుకుతుంది. మెతుకులు చిటపటలాడుతూ ఎగరటం మొదలుపెట్టినప్పుడు ఉప్పు, ఉల్లికాడలు చల్లి దించాలి. సోయా సాస్ కావాలంటే రెండు చుక్కలు వేసుకోవచ్చు. నన్నడిగితే వద్దంటాను, గుడ్డు రంగు చెడుతుంది.

యాంగ్‌జౌ వంటవాళ్ళలో కొందరు సొనను ముందే అన్నానికి పట్టించి వేపుతారు. అప్పుడు ప్రతి మెతుకుకూ పచ్చటి పూత ఏర్పడుతుంది. ఈ పద్ధతికి వాళ్ళు పెట్టుకున్న పేరు "వెండికి బంగారు తొడుగు."