నాణెం మీది అంకె – అంగడిలోని వెల



చాలా దినాలుగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. ఇప్పుడు వ్రాయవలసి వచ్చిన కారణం ఒక నాణెం. దానికంటె ముఖ్యంగా, ఆ నాణెం విషయమై ముప్పై ఎనిమిదేండ్ల క్రిందట నేను చేసిన ఒక తప్పు.

మొన్న కార్తీకమాసంలో ఒకనాటి సాయంకాలం నా పూర్వవిద్యార్థి ఒకడు మా యింటికి వచ్చాడు. కరీంనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుడుగా చేరిన తొలిరోజులలో, 1987 ప్రాంతంలో, ఎనిమిదవ తరగతి చదివినవాడు. ఇప్పుడు వానికి యాభై దాటినవి. కూతురు ఇంజనీరింగు చదువుతున్నది. కూర్చోమన్నా కూర్చోకుండా, జేబులోనుండి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో అరచేతిలో సగమంత వెండి నాణెం. ఒకవైపు స్థూలకాయురాలైన ఒక రాణి, రెండవవైపు రెండు తలల గ్రద్ద, దానితోపాటు 1780 అన్న అంకె.

చూడగానే గుర్తుపట్టాను. వాని తండ్రి మస్కట్‌లో తాపీపనికి పోయి వచ్చినప్పుడు తెచ్చినది. ఆనాడు వాడు బడికి తెస్తే నేను తరగతిలో అందరిచేతా పట్టించి చూపించాను.

“సార్, ఇది పదిహేడువందల ఎనబై నాటిదని మీరే చెప్పిండ్రు గద. ఫోన్ల ఒకాయన నలబై లక్షలిస్తనంటున్నడు. రిజిస్ట్రేషన్‌కని పద్దెనిమిది వేలు కట్టిన. ఇంక ముప్పై వేలు కట్టాల్నట. ఇది అసలుదేనని మీరొక్క మాట రాసియ్యున్రి” అన్నాడు.

నా గుండె జారిపోయింది. ఏలనంటే ఆ నాణెం 1780 నాటిది కాదు. అంకె చదివి ఏడు చెప్పాను గాని, ఆనాడు నాకు నాణేలశాస్త్రంలో ఓనమాలు రావు.

అది ఆస్ట్రియా దేశపు మారియా థెరీసా థాలర్. ఆ రాణి 1780లో మరణించింది. ఆమె నాణేనికి అరబ్బు దేశాలలో, ఎర్రసముద్రపు రేవులలో, ఇథియోపియాలో ఎంత పరపతి యుండెనంటే, ఆ బొమ్మ, ఆ అంకె లేనిదే వర్తకులు వెండిని అందుకొనేవారు కారు. కాబట్టి ఆమె పోయిన తరువాత కూడ అదే అంకెతో ముద్రిస్తూనే వచ్చారు. వియన్నాలోనే కాదు, రోములో, లండనులో, పారిస్‌లో, బర్మింగ్‌హామ్‌లో, చివరకు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన బొంబాయి టంకశాలలో సైతం అచ్చు వేశారు. వియన్నా టంకశాల నేటికీ వేస్తున్నది. కోట్ల సంఖ్యలో ఉన్నవి. మస్కట్ అంగడిలో దొరికిన థాలర్ అంటే అత్యధికం ఈ పునర్ముద్రణలే. వాని నాణెం తూకం 28 గ్రాములు; అందులో నూటికి 83 పాళ్ళు వెండి. అనగా శుద్ధమైన వెండి రెండు తులాలు. దాని వెల అంతే.

వానికి ఇది చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ముందు కట్టిన పద్దెనిమిది వేలు మోసగాండ్ర పాలైనవని చెప్పి, 1930 అన్న సైబరు నేరాల సంఖ్యకు దగ్గరుండి ఫోను చేయించాను. పాత నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, వాటికై తాము ఎన్నడూ ఎట్టి రుసుము గాని కమీషను గాని అడగమని రిజర్వు బ్యాంకువారు 2021 ఆగస్టులోనే ప్రకటించి యున్నారు. ఆ ప్రకటన వీని ఊరికి చేరలేదు. నలభై లక్షల వార్త మాత్రం చేరింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వానిని మోసగించినది ఫోనులోని మనిషి ఒక్కడేనా అన్న ప్రశ్న వదలలేదు. పాత నాణేల ధరలను గూర్చి పత్రికలలో, చరవాణులలో ఊరేగుతున్న కథలకు కూడ ఇందులో భాగమున్నది. ఆ కథలను నిదానంగా పరిశీలించి చూడడమే నేటి నా ప్రయత్నం.

అన్నిటికంటె ఎక్కువగా చెప్పుకొనే కథ అమెరికా వారి 1933 డబుల్ ఈగిల్. ఇరవై డాలర్ల బంగారు నాణెం. ఆ యేడు నాలుగు లక్షల నలభై అయిదువేల పైచిలుకు ముద్రించారు. కాని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బంగారు నాణేల చలామణిని ఆపివేయగా వాటిని కరగించారు. దొంగతనంగా బయటపడినవి కొద్ది. వాటిలో సొంతంగా ఉంచుకొనడానికి చట్టం అనుమతించినది ఒక్కటే. అది 2002 జులైలో న్యూయార్కు వేలంలో 75 లక్షల 90 వేల డాలర్లకు, మళ్ళీ 2021 జూన్‌లో కోటి 88 లక్షల 70 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. ఒక నాణేనికి వేలంలో అంత ధర అంతకుముందెన్నడూ పలికి యుండలేదు.

పత్రికలు ఇంతవరకే వ్రాసినవి. బడిపంతులు గనుక నేను లెక్క కూడ వేసి చూచాను. పందొమ్మిదేండ్లలో ఆ నాణెం వెల రెండున్నర రెట్లయినది. అదే కాలంలో సాదా బంగారం ఔన్సు సుమారు 300 డాలర్ల నుండి సుమారు 1900 డాలర్లకు, అనగా ఆరు రెట్లకు పెరిగింది! లోకంలోకెల్ల అరుదైన నాణెం కొన్న కుబేరునికంటె, అదే సొమ్ముతో బంగారపు కడ్డీలు కొని పెట్టెలో పడవేసి మరచిపోయినవాడు ఎక్కువ గడించి యుండేవాడు. నాణెం కొన్నవాడు నష్టపోలేదు. చరిత్రను ఇంట పెట్టుకొన్న ఆనందం అతనికి దక్కింది. అయితే ఆ ఆనందాన్ని మదుపు అని పిలవడం తగదు.

రెండవ సంగతి, కొన్న వెలకూ అమ్మిన వెలకూ నడుమనున్న అగాధం. వేలంలో సుత్తి దెబ్బ నూరు రూపాయలకు పడితే కొన్నవాడు ఇరవై రూపాయల దాకా వేలందారుకు అదనంగా ఇచ్చుకోవాలి, పన్ను వేరే. రేపు అతడే అమ్మబోతే, ఆ సుత్తి వెలలో పదో వంతు కమీషనుగా పోయిందనుకొందాం. పెట్టిన నూట ఇరవై చేతికి తిరిగి రావడానికే సుత్తి వెల నూట ముప్పైమూడు దాటాలి. మూడోవంతు పెరిగితేగాని అసలు దక్కదు! తులం బంగారం అమ్మినవానికి ఆనాటి ధర ఇంచుమించుగా దొరుకుతుంది. నాణేనికి ‘ఆనాటి ధర’ అన్నది లేదు. ఆ గదిలో ఆ పూట ఇద్దరు పట్టుదల గల మనుషులు కూర్చుంటే ఒక ధర. ఒక్కడే వస్తే సగం ధర.

మూడవది మరింత కలవరపెట్టేది. 1986, 87 సంవత్సరాలలో అమెరికాలో నాణేలకు డెబ్బై మార్కులకు మార్కులు వేసి, ప్లాస్టిక్ బిళ్ళలో బిగించి ఇచ్చే సంస్థలు వెలసినవి. నకిలీల బెడద తగ్గిందన్నది నిజమే. కాని, చూడనక్కరలేకుండానే కొనవచ్చునన్న ధీమా కలిగేసరికి, నాణెం ముఖమెరుగని మదుపుదారులు వెల్లువగా వచ్చిపడ్డారు. 1989లో ధరలు ఆకాశమంటి, ఆ తరువాత కూలిపోయినవి. ఆనాడు కొన్నవారిలో పలువురికి దశాబ్దాలు గడచినా పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. డెబ్బైకి అరవై అయిదు వచ్చిన నాణేనికీ అరవై ఆరు వచ్చిన నాణేనికీ ధరలో రెట్టింపు తేడా ఉండవచ్చు. ముప్పై ఏండ్లకు పైగా జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. ఒక్క మార్కు ఎంత ఊగిసలాటతో పడుతుందో నాకు తెలుసు.

ఇక హక్కు సంగతి. జూలియస్ సీజరును చంపిన బ్రూటస్, ఆ హత్యకు గుర్తుగా రెండు బాకులూ ఒక టోపీ అచ్చువేయించిన బంగారు నాణెం ఒకటి 2020 అక్టోబరులో లండనులో ముప్పై లక్షల పౌండ్లకు పైగా పలికింది. మూడేండ్లు తిరగకముందే, దాని పూర్వచరిత్ర కల్పితమని తేలి, 2023 మార్చిలో అది గ్రీసు దేశానికి అప్పగింపబడినది. అంత సొమ్ము పెట్టగలవారికే నాణెం ఎవరిదో తెలియకపోతే, మనబోటివాళ్ళం సంతలో కొన్నదాని గోత్రం ఏమని చెప్పగలం? మన దేశంలోనూ నూరేండ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం క్రింద పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు పంపరాదు. నాణెం చూపి “విదేశీ కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడు” అనేవాణ్ణి నమ్మకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

“మాస్టారూ, 2025లో బంగారం 4000 డాలర్లు దాటింది, వెండి 50 దాటింది, నాణేలు మాత్రం పెరగవా?” అని మిత్రులు అడుగుతున్నారు. పెరుగుతవి. కాని పెరిగేది నాణెం కాదు, అందులోని లోహం. విక్టోరియా రాణి రూపాయి సరిగ్గా ఒక తులం తూగుతుంది. అందులో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు కల్తీ. వెండి ధర పెరిగితే దాని వెల పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అంతేకాదు, వెండి వెల నాణెం వెలను మించిన నాడు సాధారణ నాణేలు నేరుగా కంసాలి మూసలోకి పోతవి. 1980 జనవరిలో వెండి 50 డాలర్లను సమీపించినప్పుడు దేశదేశాల వెండి నాణేలకు అదే గతి పట్టినది. కొద్ది నెలలలో ధర కుప్పకూలింది గాని, కరగిపోయిన నాణేలు తిరిగి రాలేదు. అరుదైన వాటికి అందలం, సామాన్యమైన వాటికి కొలిమి: ధరల పెరుగుదల చేసే పని ఇదే.

రెండవ పక్షం కూడ చెప్పడం న్యాయం. ధర ఉన్నందువల్లనే మనుషులు పాతవస్తువును పారవేయకుండా దాస్తారు. అటకమీది డబ్బాలు క్రిందికి దిగుతవి. శాస్త్రజ్ఞులెరుగని నాణేలు వెలుగు చూస్తవి. ఇది కాదనను. అయితే అలా వెలుగుచూచిన నాణెం మళ్ళీ ఎక్కడికి పోతున్నది? హైదరాబాదు నిజాముల సొత్తుగా ఉండిన జహంగీరు పాదుషా వేయి మొహరీల బంగారు నాణెం, పన్నెండు కిలోల తూకం గలది, 1987లో జెనీవాలో వేలానికి పెట్టారు. నేను ఆ థాలర్‌ను తరగతిలో చూపించిన కాలమే అది. ఆ తరువాత ఆ మహానాణెం లోకం కంటబడలేదు. ధర ఎక్కువైనకొద్దీ నాణేనికి చీకటే ఎక్కువ.

మరి సేకరణ మానుకోవాలా? అక్కరలేదు. నాణెం మన భాషలోనే ఉన్నది. రోము వారి డెనారియస్సే మన దీనారం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లెలో రోము నాణేల నిధి దొరికిందంటే, ఆ మాట ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది. వరాహమూర్తి బొమ్మవల్ల వరహా, రూప్యంవల్ల రూపాయి. శ్రీనాథునికి కనకాభిషేకం జరిగిందని చదివే పిల్లవాని చేతిలో ఒక్క పాత నాణెం పెట్టి చూడండి, పాఠం ఎలా వెలుగుతుందో! అందుకు లక్షలు అక్కరలేదు. పది రూపాయల విదేశీ నాణెం చాలు.

నేను కోరేది మూడే. నాణేనికంటె ముందు నాణేలను గూర్చిన పుస్తకం కొనండి. పిల్లల చదువుకూ పెళ్ళికీ దాచిన సొమ్ము ఇందులో పెట్టకండి. ఇంట్లో ఉన్న ప్రతి నాణేనికీ అది ఏమిటో, ఎక్కడిదో, ఎంతకు కొన్నదో ఒక చీటీ వ్రాసి జతపరచండి. రేపు మన పిల్లలు మోసగాండ్ర చేత చిక్కకుండా ఆ చీటీయే కాపాడుతుంది.

కిందటి ఆదివారం నేను ఆ శిష్యుని యింటికి వెళ్ళాను. పోయిన సొమ్ము ఇంకా రాలేదు. వాని భార్యా, కూతురూ కూర్చుండగా, “ఆనాడు తెలియక చెప్పాను, తప్పు నాది” అన్నాను. “మీరట్లనొద్దు సార్” అన్నాడు గాని, వాని ముఖంలో నిరాశ దాగలేదు. కళాశాల రుసుముకై ఆ నాణేన్ని వెండి ధరకు అమ్మాలని ఇంట్లో అనుకొన్నారట. అమ్మకండి అనే అధికారం నాకు లేదు, అనలేదు కూడ. అప్పుడు ఆ పిల్ల, “మరి చచ్చిపోయినామె బొమ్మతోటి ఇన్నేండ్లు ఎందుకు కొడుతున్నరు సార్?” అని అడిగింది. ఆ కథంతా చెప్పాను. విన్న తరువాత ఆ నాణేన్ని తీసికొని తన పెట్టెలో పెట్టుకొన్నది. వాడు ఏమీ అనలేదు.

నేను చీటీ వ్రాసి ఇచ్చాను. ‘మారియా థెరీసా థాలర్. పునర్ముద్రణ. మస్కట్ నుండి తాతగారు తెచ్చినది’ అని. వాడు అడిగిన మాట వ్రాసియ్యలేదు గాని, ముప్పై ఎనిమిదేండ్ల క్రిందట వ్రాయవలసిన మాట వ్రాసియిచ్చాను.

మీ యిండ్లలో ఇటువంటి నాణేలుంటే వాటి కథలు తెలియజేయండి. వెల మాత్రం అడగను.

భవదీయుడు.