ఆ సంచి ఎవరిది?

రాజమండ్రి నుంచి పాపికొండలు చూడబోయే కుర్రకారులో కొందరికి పులిహోర, పేకముక్కలతో పాటు గంజాయి పొట్లం కూడా షికారు సామానే! పైగా దాన్ని దాచేది వదినగారి సంచిలో. ఆడవాళ్ళ సంచి ఎవరు వెతుకుతారని ధీమా. ఏం తెలివండీ! సోదా చెయ్యడానికి ఆడ పోలీసులు లేరా?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గోదావరి మధ్యకు వెళ్ళినా వదలదు. కిలో దాకా గంజాయికే ఏడాది వరకు కఠిన శిక్ష, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూను. సరుకు ఎవరి దగ్గర దొరికితే వాళ్ళదేనని చట్టం అనుకోవచ్చు. కాదని రుజువు చేసుకోవలసింది వాళ్ళే.

మరిదిగారి సరదాకి వదినగారు కోర్టు మెట్లెక్కాలా? “ఇది కాస్త నీ సంచిలో ఉంచు వదినా” అంటే, విప్పి చూపించమనండి. ఆ మాత్రం మొహమాటం చంపుకోకపోతే, శిక్షపడిన నాడు మరిదిగారు మన బదులు జైలుకెళ్ళరు!