కొడితే గట్టి... కాలిస్తే మెత్తన!

పూర్వపు వరంగల్ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి నగిషీకి పెట్టింది పేరు. సుత్తితో కొట్టే రేకును మధ్యమధ్య కాల్చాల్సిందే. ఎందుకో తెలుసా?

రాగిలో జింకు సుమారు మూడోవంతు దాటనంతవరకూ ఇత్తడికి రాగి స్ఫటికాల అమరికే ఉంటుంది. ఘనాకారపు గదికి 8 మూలల్లో, 6 ముఖాల మధ్యలో పరమాణువులుంటాయి. ఈ అమరికలో పరమాణువుల పొరలు ఒకదానిమీద ఒకటి సులువుగా జారతాయి. అందుకే రేకు పగలకుండా సాగుతుంది. దెబ్బలు పడేకొద్దీ అమరికలో లోపాలు పెరిగి, ఒకదానికొకటి చిక్కుపడి, ఆ జారుడుకు అడ్డుపడతాయి. రేకు బిరుసెక్కుతుంది. అప్పటికీ ఆపకుండా కొడితే పగుళ్లిచ్చి, పడ్డ శ్రమంతా వృథా!

కాలిస్తే చిక్కుపడ్డ స్ఫటికాల స్థానంలో కొత్తవి పుడతాయి. రేకు మళ్లీ మాట వింటుంది. నగిషీలో నేర్పంటే కొట్టడమే కాదు, ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా!