‘మోర్ బెటర్’ అంటే మార్కులు పోతాయ్!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో డిగ్రీ చదువుతూ ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు సిద్ధమవుతున్నారా? టైర్-1 ఇంగ్లిష్‌లో 25 ప్రశ్నలకు 50 మార్కులు. ఒక్కటి తప్పితే రావాల్సిన 2 మార్కులు పోవడమే కాదు, మరో అర మార్కు కోత. తెలుగులో ఆలోచిస్తే విశేషణం దగ్గరే దొరికిపోతాం.

ప్రిపొజిషన్: ‘ఇంగ్లిష్‌లో దిట్ట’ కదా అని ‘గుడ్ ఇన్’ అనేస్తాం. పరీక్షలో ‘గుడ్ ఎట్’ ఒప్పు. ‘కంటే’ అనగానే ‘దాన్’ పెట్టొద్దు. సీనియర్, జూనియర్, సుపీరియర్ తర్వాత ‘టు’ రావాలి.

అడ్వర్బ్: ‘మోర్ బెటర్’ తప్పు, ‘మచ్ బెటర్’ ఒప్పు.

కంజంక్షన్: కోదాడ బస్సు ఎక్కలేనంత కిక్కిరిసిందా? ‘సో క్రౌడెడ్ దట్’ అనాలి. ‘వెరీ’ పక్కన ఆ ‘దట్’ కుదరదు.

విశేషణాన్ని ఒంటరిగా బట్టీ పట్టొద్దు. జతతోనే నోట్‌బుక్‌లో రాసుకోండి.