బీడీ తాగినవా అంటరు, ఏం పని చేసినవని అడుగరు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ పోయిన మనవాడు దగ్గుతో తిరిగొస్తే ఊరి తీర్పు ఒక్కటే: "బీడీలు తాగి పాడైండు." బీడీలు చుట్టే ఊళ్లు కదా, నింద వేయడం తేలిక. కానీ పాత బిల్డింగులు కూలగొట్టిన సంగతి, వేడి పైపుల మీది పాత పూత గీకిన సంగతి ఆసుపత్రి చీటీలో ఎందుకుండదు?

ఆస్‌బెస్టాస్ రాతి నుంచి తీసే నార. సిమెంటు రేకుల్లో, పైపుల్లో కలిపారు. కోస్తే, పగలగొడితే కంటికి కనిపించని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఇదే, బీడీ కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కైతే బీడీ, ఆస్‌బెస్టాస్ కలిస్తే ముప్పు ఎన్నో రెట్లు. బీడీ తప్పు ఒప్పుకుందాం. దాని చాటున రెండో దోషిని మాత్రం దాచొద్దు.

"అక్కడ నిషేధించారు కదా" అనేవాళ్లున్నారు. యూఏఈ ఆస్‌బెస్టాస్ పలకలను నిషేధించింది 2006లో. అంతకుముందు కట్టినవాటిని కూల్చేది ఎవరు? కూలీలే. పైగా ఈ రోగం సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లకు బయటపడుతుంది. అప్పటికి కంపెనీ ఉండదు, కఫీల్ ఉండడు.

1995 జనవరి 27న మన సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు దాచాలని ఆదేశించింది. అది ఇక్కడి ఫ్యాక్టరీలకు. ఎడారిలో గోడ పగలగొట్టినవాడి రికార్డు ఎవరు దాస్తారు? పనివల్ల వచ్చే రోగాలకు పరిహారమిచ్చే చట్టం జాబితాలో ఈ క్యాన్సర్లున్నాయి. కానీ చేసిన పనికి రుజువు లేనివాడికి ఏ చట్టమూ పలకదు.

అందుకే సార్లను, టీచరమ్మలను, చదువుకున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను అడుగుతున్నాను. ప్రతి గూడెంలో, తండాలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు, ఏ దేశం, ఏ కంపెనీ, ఏ పని, ఎన్నేళ్లు, అన్నీ రాయండి. అకామా నకలు దాచండి. డాక్టరు అడగకపోయినా చెప్పి, చీటీలో రాయించండి. ఇక్కడ రేకులు కోసేవాళ్లకూ ఇదే మాట: ఆస్‌బెస్టాస్ రేకును మిషన్‌తో కోయొద్దు, దుమ్మును పొడిగా ఊడవొద్దు, ఆ బట్టలు ఇంటికి తేవొద్దు. ఉతికే ఆడవాళ్లకూ ఈ క్యాన్సర్ వచ్చిన దాఖలాలు లోకంలో ఉన్నాయి.

మనవాళ్ల చెమట లెక్క ఎవరూ రాయలేదు. రోగం లెక్కయినా మనం రాద్దాం.